తంగేడు నుంచి ముప్పై నాలుగు అడుగులు

నా జీవితంలో ఒకే ఒక్క సంఖ్యను తెలిసి తప్పుగా చెప్పించాను. అది ఇరవై ఆరు. చెప్పించడానికి ఒక్క క్షణం పట్టింది. అరవై ఒక్క సంవత్సరాలుగా మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందువల్లనే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవారితో చెప్పాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ మాట వేరే దారి పట్టింది. వానల గురించో, వేరుశనగ పంట గురించో మాట్లాడి లేచి వచ్చాను. లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవాణ్ని. తేదీ లేని సంఘటనను, కొలత లేని వర్ణనను నమ్మను. "చాలా దూరం" అన్నవాణ్ని "ఎన్ని అడుగులు?" అని అడగకుండా వదిలిపెట్టినట్టు నాకు జ్ఞాపకం లేదు. అలాంటివాడు రాస్తున్నది కాబట్టి ఇందులో కన్నీళ్లు తక్కువగా, కొలతలు ఎక్కువగా ఉంటాయి. సహించండి.

ఒక సంగతి మాత్రం ముందే చెప్పేయాలి. ఇది దుఃఖంతో రాయవలసిన విషయమని నాకు తెలుసు. కానీ ఆ వారం గుర్తుకు వస్తే ఈ ఎనభై తొమ్మిదో ఏట కూడా నా గుండె ఎగిరి పడుతుంది. అరచేతులు వేడెక్కుతాయి. నేను చేసిన తప్పు, నేను పొందిన ఆనందం ఒకే నేలమీద, ఒకే వారంలో జరిగాయి. రెండింటినీ విడదీయాలని చాలా కాలం ప్రయత్నించాను. విడదీస్తే రెండూ అబద్ధమవుతున్నాయి. కాబట్టి కలిపే చెబుతాను.

అది 1959వ సంవత్సరం, మే నెల. మా ఊరు రాయదుర్గం. వేసవి సెలవుల్లో ప్రతి ఆదివారం పక్షులను చూపించడానికి నేను కొందరిని నడకకు తీసుకెళ్లేవాణ్ని. తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదిరేలోగా తిరిగి వచ్చేవాళ్లం. తాలూకా ఆఫీసు గుమాస్తాలు, బట్టల కొట్ల వర్తకులు, ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు వచ్చేవారు. మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత ముందు నడిచారు. మా ప్రాంతంలో పంటలు పండకపోవచ్చు గాని ఆకాశం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. భరతపక్షి గులకరాళ్ల నేలమీద నుంచి పాడుతూ నిట్టనిలువుగా లేచిపోతే, పద్దులు తప్ప మరేమీ చూడని మనిషి కూడా మెడ వెనక్కి వాల్చి నిలబడిపోయేవాడు.

ఆ సంవత్సరం ఖాదర్ బాషా మాతో చేరాడు. బస్టాండు దగ్గర అతనికి ఫోటో స్టూడియో ఉండేది. నా కంటే రెండేళ్లు పెద్దవాడు. బళ్లారి నుంచి స్వదేశానికి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర చిన్న సినిమా కెమెరా కొన్నాడు. దానికి గడియారానికి ఇచ్చినట్టు చావి ఇవ్వాలి. పూర్తిగా చావి ఇస్తే అర నిమిషం నడిచేది. నడిచినంతసేపూ కుట్టుమిషను శబ్దం వచ్చేది. ఫిల్మును బొంబాయికి పంపి కడిగించుకోవాలి. నెలా, నెలన్నర పట్టేది.

"ఏమప్పా అయ్యవారూ," అన్నాడు మొదటి ఆదివారం నాడే. "నువ్వు పిట్టల్ని లెక్కపెట్టుకుంటా కూచో. నేను వాటిని రైసు మిల్లు గోడ మీద ఎగిరిస్తా, ఊరంతా నోరు తెరుచుకోని సూస్తాది."

ఆ మాట నా నెత్తికెక్కింది. కదిలే పక్షి! నేను ఎంత చెప్పినా నమ్మనివాళ్లు కళ్లతో చూస్తారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాతి వారమే తిప్పారెడ్డి స్టూడియోకు వచ్చాడు. గుమ్మఘట్ట వైపు పెద్ద ఆసామి. అతనికి దున్నని పచ్చిక నేల, మేము బీడు అనేది, చాలా ఉండేది. మొలలోతు బోదగడ్డి, అక్కడక్కడ తంగేడు పొదలు. కుర్చీలో కూర్చుంటూనే చెప్పాడు: "మా బీట్లో బట్టమేక గుడ్డు పెట్టిండాది. మా బీరప్ప సూసినాడు."

ఖాదరూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

బట్టమేకను చూడనివారికి ఎలా చెప్పాలి? పేరుకు మేక గాని అది పక్షి. నిలబడితే నా నడుము దాటుతుంది. వీపు ఎండుగడ్డి రంగు, పొడవాటి మెడ తెల్లగా, నెత్తిన నల్లటి టోపీ. పరుగెత్తదు, ఆ బీడంతా తనదే అన్నట్టు నడుస్తుంది. ఏడాదికి ఒకే గుడ్డు, అదీ గూడు కట్టకుండా వట్టి నేలమీద. నేను అప్పటికి మూడు సార్లే చూశాను, మూడు సార్లూ దూరంగా వెళ్లిపోతున్న వీపునే. అలాంటిది గుడ్డు మీద కూర్చుని ఉంది. కదలకుండా! కెమెరా ముందు!

ఇక్కడ బీరప్ప గురించి చెప్పాలి. ఆయన గొర్రెల కాపరి. నలభై దాటినవాడు, ఎండాకాలంలోనూ భుజం మీద కంబళి. ఆయనకూ తిప్పారెడ్డికీ మధ్య మా సీమలో ఉన్న పాత ఒప్పందమే ఉండేది: వేసవిలో మంద రెడ్డి బీట్లో మేస్తుంది, బదులుగా తొలి వానలకు ముందు బీరప్ప తన మందను రాత్రిళ్లు రెడ్డి చేలల్లో కట్టాలి. ఆ ఎరువే రెడ్డికి ముట్టే ప్రతిఫలం. అంతకుముందు సంవత్సరం వానలు లేవు. చుట్టుపక్కల గడ్డి అనేది మిగిలింది ఆ బీట్లోనే. బీరప్ప మందకు ఆ బీడే ప్రాణం. ఈ మాటను మీరు మరిచిపోకండి. నేను మరిచిపోయాను.

మొదటి రోజు నేను గుడ్డున్న తంగేడు పొదను మధ్యలో పెట్టుకుని, టేపు పట్టి, ముప్పై అడుగుల దూరాన చుట్టూ తెల్లటి పలుగురాళ్లు పేర్పించాను. రాళ్ల లోపలికి మనిషీ గొర్రే పోకూడదు. పొద్దున్నే మంద నీళ్లకు పోయే కాలిబాట తూర్పున, రాళ్లకు ఆరడుగుల అవతల ఉంది. తిప్పారెడ్డి అందరి ముందూ బీరప్పను అడిగాడు. బీరప్ప ఆ రాళ్లను ఒకసారి చుట్టి వచ్చి నాతో అన్నాడు: "మీరు కొలిచి పెట్టిండారు సామీ. ఇది దాటితే అది నా మంద కాదు."

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. తెలిసి చెబుతున్నాను.

బట్టమేక మనిషిని చూస్తే వెళ్లిపోతుంది. ఎద్దుల బండిని చూస్తే పట్టించుకోదు. వేటగాళ్లకు తెలిసిన ఈ రహస్యాన్నే మేమూ వాడుకున్నాం. తూర్పున, కాలిబాటకు అవతల, తంగేడుకు ఎనభై అడుగుల దూరంలో బండి నిలిపి, పైన గడ్డి కప్పి, లోపల కూర్చున్నాం. ఎద్దులు నెమరు వేస్తూ ఉండేవి. సోమవారం ఉదయం సూర్యుడు మా వీపు వెనక నుంచి లేచాడు. పక్షి మేతకు పోయి, తిరిగి వచ్చింది. నాలుగు అడుగులు నడవడం, ఆగడం, మెడ చాచడం. ఖాదర్ కెమెరా నడిపాడు. నా గుండె చప్పుడు ఆ కెమెరా చప్పుడును మించిపోయింది. పక్షి పొద వెనక్కి వెళ్లింది. కూర్చుంది. కనబడకుండా పోయింది.

అంతే. పొద అడ్డం. ఆదివారం నాటికి ఊరి నుంచి ఇరవై మందికి పైగా రానున్నారు. ఏడాది పొడవునా నేను పొగిడిన పక్షిని చూడడానికి వచ్చి, ఒక తంగేడు పొదను చూసి వెళ్తారు.

బండిని ముందుకు జరిపి చూశాం. పక్షి లేచి వెళ్లిపోయింది. బండి వెనక్కి వెళ్లేదాకా రాలేదు. బండి జరగకూడదు. పొద జరగదు. మరి జరగగలిగినది ఏమిటి?

ఆ ప్రశ్న నాకు ఒక లెక్కలాగా వచ్చింది. పాపంలాగా రాలేదు. ఇదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. మంచి లెక్కకు జవాబు దొరికినప్పుడు కలిగే సంతోషమే నాకు కలిగింది.

సాయంత్రం పక్షి మేతకు పోయింది. ఖాదర్ ఎద్దులకు నీళ్లు పెట్టడానికి బావికి వెళ్లాడు. నేను రాళ్లు దాటాను. ఉత్తరీయం చేతికి చుట్టుకుని గుడ్డును తీశాను. పెద్ద మామిడికాయంత ఉంది. ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు మీద గోధుమ మరకలు. వెచ్చగా ఉంది. ఎవరో చెయ్యి పట్టుకున్నట్టుంది. తూర్పుకు ఒక్క అడుగు జరిపి, చిన్న గుంట చేసి పెట్టి, పరుగున బండి దగ్గరికి వచ్చాను. పక్షి వచ్చింది. పాత చోట ఆగింది. తల వంచి చూసింది. అది ఒక అడుగు వేసి, రెక్కలు సర్దుకుని, గుడ్డు మీద కూర్చుంది!

నేను అరవకుండా ఉండడానికి పైపంచె నోట్లో కుక్కుకున్నాను. ఒప్పుకుంది! ఆ పక్షి నా లెక్కను ఒప్పుకుంది!

మంగళవారం మూడు అడుగులు. బుధవారం ఐదు. గురువారం ఏడు, శుక్రవారం ఎనిమిది. పొద పక్కనుంచి మెడ కనబడింది, తర్వాత వీపు కనబడింది, గురువారానికి పక్షి మొత్తం కనబడింది. ప్రతి ఉదయం కెమెరా కంటిలో అది పెరుగుతూ వచ్చింది. గుడ్డును ముక్కుతో తిప్పడం చూశాం. ఎండ ముదిరితే రెక్కలు కొద్దిగా విప్పి గుడ్డుకు నీడపట్టడం చూశాం. అలాంటి దృశ్యం అంత దగ్గరగా చూసినవారు అప్పటికి మా జిల్లాలో ఎందరున్నారో నాకు తెలియదు; మేమే మొదటివాళ్లమని ఆ రోజు నమ్మాను. ఖాదర్ నా తొడ మీద చరిచి చరిచి కందేలా చేశాడు.

"ఏమప్పా," అన్నాడు శుక్రవారం, కెమెరా నుంచి కన్ను తీసి. "పిట్ట మన తట్టుకు నడిచి వస్తాందా ఏంది? దినానికింత పెద్దదైతాందే!"

"నీ కన్ను అలవాటు పడింది," అన్నాను.

అతను నన్ను కొంచెంసేపు చూశాడు. మళ్లీ చావి ఇచ్చాడు. అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్నా? చెప్పేవాణ్నని అనుకోవడం నాకు ఇష్టం. రుజువు లేదు.

శనివారం సాయంత్రం చివరిసారి జరిపాను. పది అడుగులు. అక్కడ గడ్డి లేదు. చదునైన గులక నేల, ఉదయపు ఎండ నేరుగా పడే చోటు. తంగేడు నుంచి మొత్తం ముప్పై నాలుగు అడుగులు. అంటే రాళ్లకు నాలుగు అడుగులు బయట. కాలిబాటకు రెండు అడుగులు ఇవతల.

తెలియక చేశాననుకోకండి. తెలుసు. లెక్క కూడా వేశాను. మంద కాలిబాట మీదే నడుస్తుంది. బాటకూ గుడ్డుకూ మధ్య రెండు అడుగులున్నాయి. గొర్రె వెడల్పు అడుగు, అడుగుంబావు. పైగా మంద తొలికోడి వేళకే నీళ్లకు వెళ్లిపోతుంది, మా నడకవాళ్లు వచ్చేది తర్వాత. చాలినంత ఖాళీ ఉంది. ఇలా గొర్రెను వెడల్పు ఉన్న వస్తువుగా మాత్రమే లెక్కగట్టాను. అది బెదురుతుందన్న సంగతి నా లెక్కలో ఏ గడిలోనూ లేదు.

మే పదిహేడు, ఆదివారం. ఇరవై రెండు మంది వచ్చారు. బండి వెనక గడ్డిలో కూర్చోబెట్టాను. తిప్పారెడ్డి కూడా కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. ఎండ పడింది. ఎదురుగా, చదును నేల మీద, ఏ అడ్డూ లేకుండా, బట్టమేక. మెడ మీద వెండి పూసినట్టు వెలుగు. నా వెనక ఇరవై రెండు గొంతుల్లో ఊపిరి ఒకేసారి ఆగడం విన్నాను. మీరు నన్ను ఎలాగైనా తూచండి, ఆ క్షణం కంటే గొప్ప క్షణం నాకు మళ్లీ రాలేదు.

అప్పుడు మెడగంటలు వినిపించాయి.

ఆ తెల్లవారుజామున మందలో ఒక గొర్రె ఈనింది. అందువల్ల బీరప్ప ఆలస్యంగా బయలుదేరాడు. మంద కాలిబాట వెంట, ఒకదాని వెనక ఒకటి, తలలు దించుకుని వస్తోంది. బీరప్ప చిట్టచివర, పుట్టిన పిల్లను కంబళిలో చుట్టుకుని నడుస్తున్నాడు.

పక్షి లేచింది. పారిపోలేదు. తోకను విసనకర్రలా నిలబెట్టింది, రెక్కలు రెండూ నేలకు రాసేలా చాచింది. చూస్తుండగానే రెండింతలు, మూడింతలు అయింది. మెడ ముందుకు చాచి, ముందు గొర్రె మీదికి దూకింది! గొర్రె ఆగిపోయింది. వెనకది ఆగింది. మంద మొత్తం ఆగింది. ఒక్క పక్షి ఒక మందను ఆపేసింది!

"అబ్బో! పెద్దగైతాందప్పా! కొడతాంది సూడు, కొడతాంది!" అని ఖాదర్ అరుస్తున్నాడు. కెమెరా నడుస్తూనే ఉంది. నా వెనక జనం లేచి నిలబడ్డారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, చప్పట్లు. ఈలలు. నేనూ కొట్టాను. చేతులు మంట పుట్టేలా కొట్టాను.

ఆ చప్పుడుకు మంద బెదిరింది. ముందున్నవి వెనక్కి, వెనకున్నవి ముందుకు. బాట విడిచి రెండు పక్కలా చెదిరాయి. దుమ్ము లేచింది. దుమ్ములో తెల్ల రెక్క ఒకసారి కనబడింది, మళ్లీ కనబడింది, తర్వాత దూరంగా ఎగిరిపోతూ కనబడింది.

దుమ్ము తగ్గేసరికి గుడ్డు లేదు. తడి మరక, పెంకులు, ఇంకేదో ఉన్నాయి. ఆ 'ఇంకేదో' ఏమిటో నేను చూశాను. రాయను.

తిప్పారెడ్డి మొహం ఎర్రబడింది. ఇరవై రెండు మంది ముందు, అతని బీట్లో, అతని మాట కింద ఉన్న గుడ్డు. "ఏమ్‌రా బీరప్పా! రాయి దాటనని నా ముందర చెప్పలే నువ్వు?"

బీరప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. గొర్రెపిల్ల ఇంకా చంకలోనే ఉంది. "దాటలే రెడ్డీ. నా మంద బాటెంబడే పోతాండె. గుడ్డు తంగేటి మొదుల్లో గదా ఉండింది! ఈడికెట్ల వచ్చె?"

ఆ వైపు పలుగురాళ్లు గొర్రెల కాళ్లకు తగిలి చెల్లాచెదరై ఉన్నాయి. గీత ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఒక్క నాకు తప్ప.

"గుడ్డుకేమన్నా కాళ్లుండాయేందిరా నడిచొచ్చేదానికి?" అన్నాడు రెడ్డి. కొందరు నవ్వారు.

బీరప్ప నవ్వలేదు. నా వైపు తిరిగాడు. ఆయన మొహంలో భయం లేదు, ధైర్యం ఉంది. ఆ ధైర్యం నేనే. "అయ్యవారుండారు గదా! సామీ, టేపు పట్టండి. తంగేడు నుంచి ఈ పెంకు కాడికి. ముప్పైకి లోపలుంటే తప్పు నాదే, నన్ను కొట్టండి. బయటుంటే నాది గాదు. మీ లెక్క ఎట్లంటే అట్ల."

నేను టేపు తీశాను. ఒక కొస తిప్పారెడ్డికి ఇచ్చి పెంకుల దగ్గర నిలబెట్టాను. మరో కొస పట్టుకుని నడిచాను. అసలు తంగేడుకు ఎనిమిది అడుగులు ఇవతల ఇంకొక తంగేడు ఉంది. ఇంచుమించు అంతే ఎత్తు. నా కాళ్లు అక్కడ ఆగాయి.

ఆపింది ఎవరు? నేనే. ఎందుకు? ఇరవై రెండు మంది చూస్తున్నారని. అసలు పొద దగ్గరికి వెళ్తే, "మరి గుడ్డు ఎట్లా జరిగింది?" అనే ప్రశ్న వస్తుందని. "ఈయన కొలిస్తే కొలిచినట్టే" అని నా గురించి ఊరంతా అనే మాట అక్కడితో ఆగిపోతుందని. ఇవన్నీ నేను తర్వాత వెతికి పెట్టుకున్న కారణాలు. ఆ క్షణంలో ఏ కారణమూ లేదు. కొసను ఆ పొద మొదట్లో ఆనించాను, అంతే.

"ఎంత?" అని కేక వేశాను.

"ఇరవై ఆరు!" అన్నాడు తిప్పారెడ్డి, టేపు చూసి.

టేపు అబద్ధం చెప్పలేదు. రెడ్డీ చెప్పలేదు.

బీరప్ప నా దగ్గరికి వచ్చాడు. "సామీ, ఈ తంగేడు గాదేమో. దీనెనక ఉండేది గదా?"

"నేను కొలిచి రాళ్లు పెట్టించింది ఇక్కడి నుంచే," అన్నాను.

"అయ్యవారికి తెలీదు గానీ నీకు తెలుస్తాదా? నోరు మూసుకో!" అన్నాడు రెడ్డి వెనక నుంచి.

బీరప్ప ఆ పొదను చూశాడు, వెనక పొదను చూశాడు. మళ్లీ ముందు పొదను చూశాడు. నేను ఆయన వాదిస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఈ రోజు నాకు ఇంత బరువు ఉండేది కాదేమో. ఆయన కంబళి సర్దుకుని, చాలా మెల్లగా అన్నాడు: "అట్లనా సామీ. మీరు చెప్తే నిజమే అయింటాది. నా కండ్లే మోసం చేసినాయేమో."

ఆ రోజు మధ్యాహ్నానికే తిప్పారెడ్డి మందను బీట్లో నుంచి వెళ్లగొట్టాడు. బీరప్ప ఆ మండుటెండలో గొర్రెలను తోలుకుని పడమటికి, కన్నడ సీమ వైపు వెళ్లాడు. అటు కూడా గడ్డి లేదని అందరికీ తెలుసు. దారిలో చాలా గొర్రెలు చచ్చిపోయాయని తర్వాత విన్నాను. ఎన్ని? నేను అడగలేదు. ఎంత, ఎన్ని అని ప్రపంచాన్నంతా వేధించినవాణ్ని, ఆ ఒక్కటీ అడగలేదు. అడిగితే చెప్పేవాళ్లు ఉండేవారు. అందుకే అడగలేదు.

ఫిల్ము బొంబాయి నుంచి వచ్చింది. జూలైలో రైసు మిల్లు గోడకు సున్నం కొట్టించి, ఖాదర్ ప్రదర్శన వేశాడు. ఊరు ఊరంతా వచ్చింది. గోడ మీద ఆ రెక్కలు విచ్చుకున్నప్పుడు పుట్టిన కేక నాకు ఇంకా వినబడుతుంది. "మళ్లా ఎయ్యి! మళ్లా ఎయ్యి!" మూడుసార్లు వేశాడు. పక్కన నిలబడి వివరించింది నేను. "చూడండి, తల్లి ఎంత ధైర్యంగా ఎదిరిస్తోందో" అన్నాను. సంతోషంగా ఉన్నాను. ఇది రాయడం కష్టంగా ఉంది గాని ఇది నిజం: నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఆ తల్లి ఎవరిని ఎదిరించవలసిందో వాణ్ని ఎదిరించలేదు. అది సాయంత్రం మేతకు పోయినప్పుడు వచ్చినవాణ్ని అది ఎన్నడూ చూడలేదు.

పక్షి ఆ చోటికి రెండు రోజులు వచ్చి తిరిగిందట. తర్వాత రాలేదట. రెడ్డి జీతగాడు చెప్పాడు. నేను వెళ్లి చూడలేదు.

1964లో, రాయదుర్గం బస్టాండులో, బీరప్ప నాకు ఎదురుపడ్డాడు. నన్ను చూసి చేతులు జోడించాడు. "బాగుండారా సామీ? పిట్టలు కనపడతాండాయా?" అని అడిగాడు. ఆ మాటలో వెటకారం కోసం నేను వెతికాను. దొరకలేదు.

"మంద ఎట్లుంది?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"నాకేడ మంద సామీ. చచ్చినవి పోంగా మిగిలినేటివి తమ్మునికిచ్చేస్తి. కాపరోనికి కన్ను ముఖ్యం గదా. గీత ఈడుండాదో ఆడుండాదో తెలీనోడు ఏం కాస్తాడు? కూలికి పోతాండా." అని, నవ్వి, "మీ యట్ల కొలిచే విద్దె రాకపాయె" అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఇద్దరమే ఉన్నాం. ఒక్క వాక్యం చాలు. నీ కళ్లు సరిగానే ఉన్నాయి బీరప్పా. అంతే. ఆయన మందను తిరిగి ఇవ్వలేను గాని ఆయన కళ్లను ఆయనకు తిరిగి ఇవ్వగలిగేవాణ్ని. నోరు తెరిచాను. ఒక బస్సు వచ్చి ఆగింది. నాది కాని బస్సు. ఎక్కి కూర్చున్నాను.

బుక్కరాయసముద్రం దగ్గర మా అల్లుడి ఇంట్లో ఉంటున్నాను ఇప్పుడు. బీరప్ప పోయి చాలా కాలమైందని విన్నాను. ఖాదర్ కూడా లేడు. ఆ పొద నుంచి ఈ పొద దాకా ఎనిమిది అడుగులని తెలిసినవాణ్ని నేను ఒక్కణ్నే మిగిలాను. నేను పోతే ఇరవై ఆరే నిజమైపోతుంది. ఇంతకాలం ఊరుకున్నవాణ్ని ఇప్పుడు రాయడానికి కారణం అదే. మంచితనం కాదు.

క్షమించమని అడగను. క్షమించవలసినవారు లేరు. ఉన్నా, ఆయన క్షమించి ఉండేవాడేమోనన్న అనుమానమే నాకు శిక్ష కంటే కష్టంగా ఉంది. రాసేశాక చెయ్యి తేలికపడింది.

మీకొక పని అప్పగిస్తున్నాను. గుమ్మఘట్ట పల్లెల్లో ఇప్పటికీ ఒక సామెత వాడుతున్నారట. పోయిన ఏడు ఆ ఊరి కుర్రవాడొకడు మా ఇంటికి కరెంటు పనికి వచ్చి, తాళం వేయడం మరిచిపోయిన తన తోటివాణ్ని తిడుతూ అన్నాడు: "నీదీ ఒక కాపలానేనా, బీరప్ప కాపలా!" ఎవరా బీరప్ప అని అడిగాను. వాడికి తెలియదు. వాళ్ల తాత అనేవాడట. నేను వాడికి మంచినీళ్లు ఇచ్చాను.

మీరు ఎప్పుడైనా అటు వెళ్తే, ఆ మాట ఎవరి నోటైనా వింటే, ఆపి చెప్పండి. మంద గీత దాటలేదని చెప్పండి. దాటింది గుడ్డు, దాటించింది ఒక లెక్కల అయ్యవారు అని చెప్పండి. బీరప్ప కాపలా అంటే మాట తప్పని కాపలా అని చెప్పండి.